ర్యాంకు నాలుగొందలు, బతుకుతెరువు టెన్నిస్

ఆయన విజయవాడలో చాలాకాలం ఆడిటరుగా పనిచేసి రిటైరయ్యారు. టెన్నిస్ ఆడలేదు కానీ చూడని పెద్ద మ్యాచ్ లేదు. ఆమె ఆయనకి అన్నగారి కూతురు, విశాఖలో పిల్లలకి టెన్నిస్ నేర్పుతుంది. ఒకరి మాట ఇంకొకరికి పడదు. ఈసారి వాదన బల్గేరియా టెన్నిస్ మీదికి పోయింది. పక్కన కూర్చుని విన్నవాణ్ణి నేను. నా మాటలు అక్కడక్కడ బ్రాకెట్లలో ఉంటాయి.

బాబాయ్: దిమిత్రోవ్ గురించి చెప్పు, పొద్దుపోయేదాకా వింటాను. మధ్యలో ఈ కుజ్మనోవ్ ఎవరమ్మా?

అమ్మాయి: దిమితర్ కుజ్మనోవ్. 1993లో ప్లోవ్‌దివ్‌లో పుట్టాడు. దిమిత్రోవ్ కంటే రెండేళ్లు చిన్న. డేవిస్ కప్‌లో బల్గేరియా తరఫున ఏళ్ల తరబడి ఆడాడు. 2020 జనవరిలో సిడ్నీలో ఏటీపీ కప్ ఆడిన బల్గేరియా జట్టులో రెండో సింగిల్స్ ఆటగాడు అతనే. అప్పటికి అతని ర్యాంకు నాలుగొందలు దాటి ఉంది.

బాబాయ్: నాలుగొందలు దాటినవాడు జట్టులో రెండోవాడా!

అమ్మాయి: దేశం మొత్తం అరవై ఐదు లక్షల మంది బాబాయ్. మన హైదరాబాద్ అంత కూడా లేదు. పైగా ఏటీపీ కప్‌లో దేశానికి చోటు వచ్చేది ఆ దేశపు మొదటి ఆటగాడి ర్యాంకుని బట్టి. దిమిత్రోవ్ ఉన్నాడు కాబట్టి బల్గేరియా వెళ్లింది. మిగతావాళ్లు అతని వెనక వెళ్లారు.

బాబాయ్: చూశావా, నువ్వే అన్నావు. వెనక వెళ్లారు.

అమ్మాయి: వెళ్లి ఏం చేశారో కూడా విను. మొదటి పోటీ బ్రిటన్‌తో. కుజ్మనోవ్ నోరీ చేతిలో ఓడిపోయాడు. దిమిత్రోవ్ ఇవాన్స్‌ని ఓడించి సమం చేశాడు. ఇక డబుల్స్. దిమిత్రోవ్ పక్కన దిగినవాడు అలెగ్జాండర్ లజరోవ్, అతనిదీ నాలుగొందల పైన ర్యాంకే. అవతల జేమీ మర్రే, జో సాలిస్‌బరీ. మర్రే ఒకప్పుడు డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. సాలిస్‌బరీ ఆ తర్వాత నెల రోజులకే మన రాజీవ్ రామ్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు.

(రాజీవ్ రామ్ అమెరికా ఆటగాడు. తల్లిదండ్రులు ఇక్కడివాళ్లు కాబట్టి మనం "మన" అనేస్తాం. బాబాయ్ ఈ మాట పట్టుకుంటారనుకున్నాను, వదిలేశారు.)

అమ్మాయి: స్కోరు 7-6, 6-7, 11-9. గెలిచింది బల్గేరియా.

బాబాయ్: గెలిపించింది దిమిత్రోవ్.

అమ్మాయి: డబుల్స్ నేర్పేదాన్ని, నాకే చెబుతున్నావా! నాలుగు సర్వీసు గేముల్లో ఒకటి లజరోవ్‌ది. రిటర్నుల్లో సగం అతనివి. ఏ జట్టైనా అవతలి ఇద్దరిలో బలహీనుడెవరో చూసుకుని వాడి మీదికే బంతి కొడుతుంది. మర్రే, సాలిస్‌బరీలకి ఆ సంగతి తెలియదా? రెండు సెట్లూ టైబ్రేకు దాకా వెళ్లి, చివరికి రెండు పాయింట్ల తేడాతో తేలిన మ్యాచ్ అది. లజరోవ్ ఒక్క గేమ్ తేలిగ్గా వదిలేసి ఉంటే కథ అక్కడితో సరి. నేననేది ఇదే: నాలుగొందల ర్యాంకుకీ పై ర్యాంకుకీ ఆటలో ఉన్న తేడా చాలా చిన్నది. డబ్బులో ఉన్న తేడాకి మాత్రం హద్దే లేదు.

బాబాయ్: సరే, ఒక రాత్రి బాగా ఆడారు. ఏడాదికి యాభై రెండు వారాలు. మిగతా యాభై ఒక్క వారాల సంగతేంటి? అవి లెక్కలో రావా?

అమ్మాయి: నేనూ వాటి గురించే చెప్పబోతున్నాను. ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, నడిపే టోర్నీల్లో అట్టడుగువి ఎమ్15లు. మొత్తం బహుమతి సొమ్ము పదిహేను వేల డాలర్లు. టర్కీలో అంటాల్యా, ట్యునీషియాలో మొనాస్టిర్, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, ఇలాంటి చోట్ల రిసార్టు హోటళ్ల కోర్టుల మీద వారం వెంట వారం జరుగుతూనే ఉంటాయి. తూర్పు యూరప్ కుర్రాళ్లకి అంటాల్యా దగ్గర. నా దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు ఇలాంటివి కొన్ని ఆడి వచ్చాడు. బంతులు ఏరిచ్చే పిల్లలుండరు, ఎవరి బంతి వాళ్లే ఏరుకోవాలి. చూసేవాళ్లంటే తర్వాతి మ్యాచ్ కోసం కాచుకున్న ఆటగాళ్లూ, ఎవరో ఒక తండ్రీ. రేపు నెట్‌కి అవతల నిలబడేవాడితోనే ఇవాళ గది పంచుకుంటారు, అద్దె సగమవుతుందని. రాకెట్ గట్టింగ్‌కి డబ్బులు దండగని కొందరు చిన్న మిషన్ వెంట మోసుకెళ్లి రాత్రిపూట గదిలో తామే వేసుకుంటారు.

బాబాయ్: మొదటి రౌండులో ఓడితే ఎంతిస్తారు?

అమ్మాయి: నూట యాభై ఆరు డాలర్లు.

బాబాయ్: పదమూడు వేల చిల్లర. అందులో పన్ను కోస్తారు.

అమ్మాయి: కోస్తారు. క్వాలిఫయింగ్‌లోనే ఓడితే అదీ లేదు.

బాబాయ్: గెలిస్తే?

అమ్మాయి: టోర్నీ గెలిస్తే రెండువేల నూట అరవై.

బాబాయ్: ఖర్చు ఎంతో ఎవరైనా లెక్క కట్టారా, లేక అందరూ కన్నీళ్లతోనే సరిపెట్టారా?

అమ్మాయి: ఐటీఎఫ్ వాళ్లే కట్టారు. 2013 సంవత్సరానికి మగ ఆటగాడి సగటు ఖర్చు 38,800 డాలర్లు. విమానాలు, బస, తిండి, గట్టింగ్, బట్టలు, చివరికి బట్టలుతుకు ఖర్చుతో సహా. కోచ్ జీతం మాత్రం అందులో లేదు.

(ఇక్కడ బాబాయ్ దినపత్రిక అంచు మీద పెన్నుతో ఏదో రాసుకున్నారు. ఆడిటర్లకి రిటైర్మెంటు ఉద్యోగం నుంచే, లెక్కల నుంచి కాదు.)

బాబాయ్: ముప్పై ఎనిమిది వేల ఎనిమిదొందల్ని రెండువేల నూట అరవైతో భాగిస్తే పద్దెనిమిది. అంటే ఏడాదిలో పద్దెనిమిది టోర్నీలు గెలవాలి. ఆడటం కాదు, గెలవడం. ముప్పై రెండు మంది డ్రా అయితే టోర్నీకి ఐదు మ్యాచ్‌లు. అంటే తొంభై విజయాలు, మధ్యలో ఒక్క ఓటమి లేకుండా. అప్పటికి కోచ్ లేకుండా 2013 ఖర్చు మాత్రమే పూడుతుంది. అమ్మాయ్, ఇది ఉద్యోగం కాదు. లాటరీ కూడా కాదు, లాటరీ టికెట్టు ఇంతకంటే చవక. ఇలాంటి బ్యాలెన్స్ షీటు ఎవరైనా నా ముందు పెట్టి ఉంటే దుకాణం మూసెయ్యమనేవాణ్ణి.

అమ్మాయి: మూసెయ్యాలనే చూశారు. 2019 జనవరిలో ఐటీఎఫ్ ట్రాన్సిషన్ టూర్ అని పెట్టింది. పదిహేను వేల డాలర్ల టోర్నీలకి ఏటీపీ పాయింట్లు తీసేసింది. ప్రొఫెషనల్ అనిపించుకునేవాళ్లు మగవాళ్లు 750 మంది, ఆడవాళ్లు 750 మంది ఉంటే చాలన్నది వాళ్ల లెక్క.

బాబాయ్: నిక్షేపంలాంటి ఆలోచన! ఎందుకు ఆగిపోయింది?

అమ్మాయి: అప్పటిదాకా ర్యాంకున్న వందల మందికి ఉన్నట్టుండి ర్యాంకే లేకుండా పోయింది. పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఆటగాళ్లు గోల పెట్టారు. ఆగస్టుకల్లా పాయింట్లు వెనక్కిచ్చారు. ఎక్కడో ఒకచోట అందరూ అడుగునుంచే మొదలుపెట్టాలి కదా బాబాయ్! పదిహేడేళ్ల కుర్రాడు మొదటి పాయింటు సంపాదించుకునేది ఆ అంటాల్యాలోనే. ఎవరి మీద గెలిచి? పాతికేళ్లొచ్చి ఇంకా అక్కడే ఆడుతున్నవాడి మీద. ఆ పాతికేళ్లవాణ్ణి తీసేస్తే పదిహేడేళ్లవాడి గెలుపుకి విలువెక్కడిది?

బాబాయ్: ఓ, ఓడిపోవడానికి కూడా మనుషులు కావాలంటావు.

అమ్మాయి: కావాలి. టెన్నిస్‌లో ప్రతి వారం ఒక్కడు తప్ప అందరూ ఓడేవాళ్లే. ఓడేవాడికి బస్సు చార్జీ ఇవ్వకుండా గెలిచేవాణ్ణి తయారుచేస్తున్నారు, నా బాధ అదీ. అసలు కుజ్మనోవ్ ఆగలేదు కూడా. నాలుగొందల పైనుంచి మూడేళ్లలో రెండొందల లోపలికి వచ్చాడు. 2023లో నూట అరవై చుట్టుపక్కలకి చేరాడు, అప్పటికి ముప్పయ్యో ఏడు.

బాబాయ్: ముప్పయ్యో ఏట నూట అరవై. దీన్ని విజయం అందామా?

అమ్మాయి: దాని అర్థమేంటో డబ్బులోనే చెబుతాను, నీకు అర్థమయ్యే భాషలో. దాదాపు రెండొందల ఇరవై, ముప్పై లోపల ర్యాంకుంటే గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్‌కి పిలుపొస్తుంది. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ మొదటి రౌండులో ఓడినవాడికి 35,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. పద్దెనిమిది లక్షల పైచిలుకు. మెయిన్ డ్రాలో మొదటి రౌండు ఓడితే లక్షా ముప్పై రెండు వేలు. ఒకడు అంటాల్యాలో ఓడి పదమూడు వేల రూపాయలు తెచ్చుకుంటాడు. ఇంకొకడు మెల్‌బోర్న్‌లో అదే విధంగా, అదే 6-4, 6-4తో ఓడి పద్దెనిమిది లక్షలు తెచ్చుకుంటాడు. వాళ్లిద్దరి ర్యాంకుల మధ్య రెండొందల అంకెలు, అంతే.

బాబాయ్: ఏ వృత్తిలోనైనా అంతే కదమ్మా. సినిమాల్లో హీరోకి కోట్లు, వెనక నాట్యం చేసేవాళ్లకి రోజు కూలీ.

అమ్మాయి: రోజు కూలీ ఇస్తారుగా! ఇక్కడ నాట్యం చేసేవాడే తన బస్సు చార్జీ, భోజనం, గజ్జెలు కొనుక్కుని రావాలి.

(ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత వాదన కాస్త కటువైంది.)

బాబాయ్: సరే, ఆకలితో ఉన్నవాడు ఏం చేస్తాడో కూడా మాట్లాడదాం. టెన్నిస్ నిజాయితీ మీద ఆడమ్ లూయిస్ అనే లాయరు కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. చదివాను. కింది స్థాయిలో బెట్టింగ్ ఒక సునామీ అన్నారు. మూడువేల రెండొందల మంది ఆటగాళ్లని అడిగితే 464 మంది ఫిక్సింగ్ గురించి తమకి ప్రత్యక్షంగా తెలుసన్నారు. నువ్వు చెప్పే బల్గేరియాలోనే ఒక ఆటగత్తెకి 2020లో జీవితకాల నిషేధం, లక్షా యాభై వేల డాలర్ల జరిమానా పడ్డాయి. ఎందుకు? నూట యాభై ఆరు డాలర్ల మ్యాచ్ మీద ఎవడో వేలల్లో పందెం కాస్తున్నాడు, ఒక్క గేమ్ వదిలెయ్ చాలు అంటున్నాడు. అందుకే అడుగు టోర్నీలు తగ్గించాలంటాను. దొంగకి తాళం ఇచ్చి కాపలా పెట్టినట్టుంది.

అమ్మాయి: అదే నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది, అది చదవలేదా? పేరుకి ప్రొఫెషనల్ అనిపించుకునేవాళ్లు పదిహేను వేల మంది, ఖర్చు పూడేది 250 నుంచి 350 మందికే అని. ఐటీఎఫ్ పాత లెక్కలో మగవాళ్లకి ఆ గీత 336వ ర్యాంకు, అదీ కోచ్ లేకుండా. సిడ్నీలో మర్రే జట్టుని ఓడించిన రోజున లజరోవ్ ఆ గీతకి అవతలే ఉన్నాడు, కుజ్మనోవ్ కూడా. ఇంకొకటి అడుగుతాను. అంటాల్యాలో చూసే దిక్కులేని మ్యాచ్ మీద ప్రపంచంలో ఎక్కడో కూర్చున్నవాడు పాయింటు పాయింటుకీ పందెం ఎలా కాస్తున్నాడు?

బాబాయ్: ఫోనులో స్కోరు వస్తుంది.

అమ్మాయి: ఎవరు పంపుతున్నారు? చెయిర్ అంపైర్ చేతిలో చిన్న పరికరం ఉంటుంది, ప్రతి పాయింటుకీ నొక్కుతాడు. ఆ స్కోర్లని ఐటీఎఫ్ స్పోర్ట్‌రాడార్ అనే కంపెనీకి అమ్మింది. ఐదేళ్లకి ఏడు కోట్ల డాలర్లు. కంపెనీ బెట్టింగ్‌వాళ్లకి అమ్ముకుంది. ఇప్పుడు చెప్పు బాబాయ్, తాళం ఎవరిచ్చారు?

(బాబాయ్ వెంటనే జవాబివ్వలేదు. నా లెక్కలో ఈ వాదన మొత్తంలో బరువైన మాట ఇదే. ఆటగాడి ఓటమికి కూడా మార్కెట్ ఉంది, ఆ మార్కెట్లో అతనికి వాటా లేదు.)

బాబాయ్: తప్పు చేసినవాడికి అది సాకు కాదు.

అమ్మాయి: కాదు. నిషేధం సరైనదే. కానీ అదే గది అద్దెకి కటకటలాడుతూ ఫోనుకి జవాబివ్వనివాళ్లే ఎక్కువమంది. వాళ్ల పేర్లు ఏ నివేదికలోనూ రావు.

బాబాయ్: నేను కుజ్మనోవ్‌ని తక్కువ చెయ్యడం లేదు. నా గొడవ వాళ్ల దేశంతో. బల్గేరియా అంటే నాకు గుర్తొచ్చేది మలీవా అక్కచెల్లెళ్లు. 1984లో పెద్దమ్మాయి మాన్యువెలా ఇటాలియన్ ఓపెన్ ఫైనల్లో క్రిస్ ఎవర్ట్‌ని ఓడించింది, పదిహేడేళ్లకి! కాటెరీనా, మగ్దలీనా, ముగ్గురికి ముగ్గురూ ప్రపంచంలో మొదటి పదిలోకి వచ్చారు. కమ్యూనిస్టు రోజుల్లో, బయటికెళ్లాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో మొదలుపెట్టారు వాళ్లు. డబ్బు లేకే పైకి రాలేదు అనే మాట వాళ్ల ముందు చెల్లుతుందా?

అమ్మాయి: వాళ్ల కోచ్ ఎవరు?

బాబాయ్: తల్లి. యూలియా బెర్బెరియన్. ఆవిడే జాతీయ చాంపియన్.

అమ్మాయి: దిమిత్రోవ్‌కి మొదట నేర్పిందెవరు? హాస్కోవోలో వాళ్ల నాన్న, టెన్నిస్ కోచ్. అమ్మ వాలీబాల్ క్రీడాకారిణి. ఇందాక ఐటీఎఫ్ లెక్కలో కోచ్ జీతం లేదన్నాను గుర్తుందా? ఈ రెండు ఇళ్లలోనూ ఆ ఖర్చు వంటింట్లోనే తీరిపోయింది. అందుకే బల్గేరియా టెన్నిస్ అంటే రెండు మూడు కుటుంబాల పేర్లే వినపడతాయి. అంత ఇంటి బలం ఉండి కూడా దిమిత్రోవ్ చిన్న వయసులోనే బార్సిలోనాకి, తర్వాత పారిస్‌కి అకాడమీలకి వెళ్లాల్సి వచ్చింది.

బాబాయ్: వెళ్లాడు, 2017లో ఏటీపీ ఫైనల్స్ గెలిచాడు, మూడో ర్యాంకుకి వచ్చాడు. సత్తా ఉంటే దారి దొరుకుతుంది.

అమ్మాయి: సత్తా ఉండీ దారి దొరకనివాళ్ల పేర్లు నీకు తెలియవు కాబట్టి అలా అనిపిస్తుంది. సోఫియాలో 2016 నుంచి 2023 దాకా ఏటీపీ టోర్నీ జరిగింది. సొంత దేశపు కుర్రాళ్లకి వైల్డ్ కార్డులు దొరికేవి, విమానం టికెట్టు లేకుండా పెద్దవాళ్లతో ఆడే అవకాశం. 2020లో సినర్ తన మొదటి టైటిల్ గెలిచింది అక్కడే. ఆ ఫైనల్లో ఓడిన పోస్పిసిల్ అదే ఏడాది జొకోవిచ్‌తో కలిసి ఆటగాళ్ల సంఘం పెట్టాడు. మనకి మాత్రం? చెన్నై ఓపెన్ పుణెకి పోయింది, పుణెలోనూ ఆగిపోయింది.

బాబాయ్: మనవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతాను. మన సాకేత్ మైనేని.

అమ్మాయి: వైజాగ్‌లో పెరిగినవాడు. అమెరికాలో అలబామా యూనివర్సిటీలో చదువుతూ ఆడాడు. 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ మూడు రౌండ్లూ గెలిచి మెయిన్ డ్రాకి వెళ్లాడు. వెసెలీ చేతిలో ఐదు సెట్లు పోరాడి, ఐదోది 5-7తో ఓడిపోయాడు. అత్యుత్తమ ర్యాంకు 137.

బాబాయ్: 137. అంటే కుజ్మనోవ్ కంటే పైనే. మన ఊళ్లో ఎంతమందికి తెలుసు?

అమ్మాయి: నువ్వే చెప్పు! నాగల్ సంగతి తెలుసుగా. 2023 సెప్టెంబరులో దేశంలో నంబర్ వన్ ఆటగాడు తన బ్యాంకు ఖాతాలో తొమ్మిదొందల యూరోలే ఉన్నాయని చెప్పాడు. ఏడాది ఖర్చు ఎనభై లక్షల నుంచి కోటి అన్నాడు. నాలుగు నెలలు తిరిగాక, అదే 137వ ర్యాంకులో, మెల్‌బోర్న్‌లో క్వాలిఫై అయి మొదటి రౌండులో బుబ్లిక్‌ని ఓడించాడు. రెండో రౌండు సొమ్ము లక్షా ఎనభై వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ సెప్టెంబరులో నీలాంటి ఆడిటరు మాట విని దుకాణం మూసేసి ఉంటే?

బాబాయ్: ఒకడు తేలాడని నూరుమందిని నీళ్లలోకి దింపుతావా? నీ దగ్గరికి పన్నెండేళ్ల పిల్లల్ని తీసుకొస్తారుగా తల్లిదండ్రులు. వాళ్లకి ఈ నూట యాభై ఆరు డాలర్ల మాట చెబుతున్నావా?

అమ్మాయి: చెబుతున్నాను.

బాబాయ్: ఇంకేం చెబుతావు?

అమ్మాయి: పద్దెనిమిదేళ్లకి మొదటి అయిదొందల్లోకి వచ్చే సూచన కనబడకపోతే సాకేత్‌లా అమెరికన్ కాలేజీకి ప్రయత్నించమంటాను. స్కాలర్‌షిప్ మీద చదువు, కోచ్, కోర్టులు అన్నీ దొరుకుతాయి. ఇరవై రెండేళ్లకి డిగ్రీ చేతిలో ఉంటుంది. అప్పటికీ ఆడగలిగితే అప్పుడు ఆడొచ్చు.

బాబాయ్: మరి నేను చెప్పేదీ అదే కదే! ముందు చదువు, ముందు జీతం.

అమ్మాయి: కాదు. నువ్వు వాళ్లని ఆడొద్దంటున్నావు. నేను వాళ్ల ఖర్చు ఆటే భరించాలంటున్నాను. కొంచెం మొదలైంది కూడా. ఏటీపీ 2024 నుంచి బేస్‌లైన్ అని ఒక పథకం పెట్టింది. ఆ మొదటి ఏడు పెట్టిన లెక్క: మొదటి వందమందికి ఏడాదికి కనీసం మూడు లక్షల డాలర్లు, 175 దాకా లక్షన్నర, 250 దాకా డెబ్బై ఐదు వేలు. బహుమతి సొమ్ము అంతకు తగ్గితే తేడా ఏటీపీ ఇస్తుంది.

బాబాయ్: మంచిదే. కుజ్మనోవ్‌కి అందిందా?

అమ్మాయి: అతని మంచి ర్యాంకు 2023లో వచ్చింది. పథకం 2024లో వచ్చింది. ర్యాంకంటే బ్యాంకు డిపాజిట్ కాదు బాబాయ్, ఉంచిన చోట ఉండదు. నిరుడు ఈ వారం సంపాదించిన పాయింట్లు ఈ ఏడు ఇదే వారం రాలిపోతాయి. మళ్లీ అంతా సంపాదించుకోవాలి. చీలమండ బెణికి రెండు నెలలు పడుకుంటే చాలు, వెనక్కి జారిపోవడమే.

బాబాయ్: 251వ వాడికి ఎంత?

అమ్మాయి: సున్నా.

బాబాయ్: నాలుగొందల వాడికి?

అమ్మాయి: వాడికీ సున్నా. ఆ గీతని అయిదొందల దాకా జరపాలి. ఎవరి స్కోర్లు అమ్ముకుంటున్నారో ఆ సొమ్ములో వాళ్లకి వాటా ఇవ్వాలి. నేనడిగేది ఈ రెండే.

బాబాయ్: దానికైతే నేనూ సంతకం పెడతాను. ఎవడి చెమట అమ్మితే వాడికి వాటా, ఆ మాత్రం న్యాయం ఏ లెక్కల పుస్తకంలోనైనా ఉంటుంది. కానీ ఆ వాటా వచ్చేదాకా దీన్ని ఉద్యోగం అనే కాగితం మీద మాత్రం పెట్టను.